దవడ కీలు నొప్పి: కండరాలు, నరాల పాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో నోటి వ్యాధుల ఓపీకి దవడ నొప్పితో వచ్చేవారు దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతారు. సూర్యారావుపేటలో ముగ్గురు డాక్టర్లను చూసి వచ్చినవారూ, గుంటూరు నుంచి ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చినవారూ అవే అడుగుతారు. అందుకే వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. కీలు నొప్పి అంటూ వచ్చేవారిలో చాలామందికి కీలు పాడై ఉండదు. నొప్పి కండరంలో పుడుతుంది, లేదా నరం దాన్ని మరోచోట చూపిస్తుంది. ఈ సంగతి తెలియక మంచి పళ్లు పీకించుకున్నవారిని చూసి చూసి విసుగెత్తి ఈ పేజీ రాశాను.

## నొప్పి మొదలైన కొత్తలో

చెవి ముందు నొప్పిగా ఉంది. ఇది చెవిదా, పన్నుదా, కీలుదా?

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే కీలు. ఇప్పుడు పళ్లు గట్టిగా బిగించండి. చెంప వెనుక భాగంలో ఒక కండరం, కణత దగ్గర మరో కండరం ఉబ్బుతాయి. నొక్కినప్పుడు మీకు రోజూ వేధించే నొప్పే ఈ మూడు చోట్లలో ఎక్కడ లేస్తుందో చూడండి. నమిలినా, ఆవలించినా నొప్పి పెరిగితే అనుమానం దవడ మీదికే పోతుంది. చల్లని నీళ్లకు జివ్వుమన్నా, ఒకే పన్ను తట్టితే నొప్పి పుట్టినా పన్ను చూపించుకోవాలి. చెవి కారడం, జ్వరం, వినికిడి తగ్గడం ఉంటే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెవిలో కాచిన నూనె పోయడం మాత్రం వద్దు, కారణం ఏదైనా సరే.

నొప్పి కీలు దగ్గర ఉంటే కండరాల సంగతి ఎందుకు చెబుతున్నారు?

దవడను మూసే కండరాలు ఒక్కో వైపు మూడు. చెంపలో మాసెటర్, కణత మీద విసనకర్రలా పరుచుకున్న టెంపొరాలిస్, దవడ లోపలి వైపున మీడియల్ టెరిగాయిడ్. లాటరల్ టెరిగాయిడ్ అనే నాలుగోది దవడ తలను, అంటే కీలు గూటిలో కూర్చునే కింది దవడ కొసను, ముందుకు లాగి నోరు తెరుచుకోవడానికి సాయపడుతుంది. ఇది కీలుకు అతుక్కునే ఉంటుంది. దీనికి నొప్పి వస్తే ‘కీలులోనే ఉంది’ అని రోగి వేలు పెట్టి చూపించడం సహజం.

శరీరంలో కుడి, ఎడమ కీళ్లు తప్పనిసరిగా కలిసి పనిచేయవలసిన చోట్లు తక్కువ. కింది దవడ ఒకే ఎముక కాబట్టి రెండు కొసలూ ఒకేసారి కదలాలి. ఒక వైపు కండరం నొప్పితో వెనకాడితే రెండో వైపు కీలు మీద భారం పడుతుంది. కుడి వైపు పన్ను పుచ్చి చాలాకాలం ఎడమ వైపే నమిలినవారికి కొన్నాళ్లకు ఎడమ కణత నొప్పి మొదలవడం మేము తరచూ చూస్తాం.

పన్ను బాగానే ఉందని డాక్టరు అంటున్నారు. నాకేమో పన్నే నొప్పిగా ఉంది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. ముఖం స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ నరం. ఇది ఐదో కపాల నాడి. కంటి వైపు, పై దవడకు, కింది దవడకు మూడు శాఖలుగా చీలుతుంది. పళ్లు, నమిలే కండరాలు, కీలు, చెవి ముందరి చర్మం, వీటన్నిటి కబుర్లూ మెదడు కాండంలో ఒకే కేంద్రానికి చేరతాయి. రెండు ఫ్లాట్లకు ఒకే కాలింగ్ బెల్ ఉంటే ఎవరింటికి వచ్చారో తెలియనట్టే, కండరం నుంచి వచ్చిన నొప్పిని మెదడు పన్నుకు అంటగడుతుంది. మాసెటర్ నొప్పి దవడ పళ్లలో, టెంపొరాలిస్ నొప్పి పై పళ్లలో కనిపించడం సాధారణం.

తేల్చడానికి ఒక మార్గం ఉంది. అనుమానపు పన్నుకు మత్తు ఇచ్చినా నొప్పి తగ్గకపోతే మూలం ఆ పన్ను కాదు. ఆ పని చేయకుండా రూట్ కెనాల్‌కు ఒప్పుకోవద్దు.

ఇది నరాల బలహీనతా? బీ12 ఇంజెక్షన్లు వేయించుకోవాలా?

‘నరాల బలహీనత’ మన దగ్గర ప్రతి నొప్పికీ పెట్టే పేరు. దవడ కండరాల నొప్పిలో నరం బలహీనపడదు. నిజానికి అది అవసరానికి మించి చురుగ్గా ఉంటుంది. చిన్న ఒత్తిడిని కూడా నొప్పిగా చెబుతుంది. రక్తపరీక్షలో బీ12 తక్కువని తేలితే ఇంజెక్షన్లు వేయించుకోండి, అది వేరే విషయం. పరీక్ష లేకుండా ఎర్రటి ఇంజెక్షన్ల కోర్సు వేయించుకున్నందువల్ల దవడ నొప్పి తగ్గదు.

నోరు తెరిస్తే ‘టక్’మంటోంది. కీలు జారిందా?

కీలులో ఎముకల మధ్య మెత్తని బిళ్ల ఉంటుంది. అది కాస్త ముందుకు జరిగి, నోరు తెరిచేటప్పుడు తిరిగి చోటులోకి వస్తే ఆ శబ్దం వస్తుంది. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే చికిత్స అక్కర్లేదు. శబ్దం వస్తుందో లేదో అని రోజంతా దవడ ఆడించి చూసుకునేవారు కండరాలకు లేని పని పెడుతున్నారు. శబ్దం హఠాత్తుగా ఆగిపోయి, అదే సమయంలో నోరు సగమే తెరుచుకుంటే మాత్రం బిళ్ల అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ఆ వారంలోనే చూపించుకోండి.

చెవి దిబ్బడ వేసినట్టు, గుయ్‌మంటున్నట్టు ఉంది. ఈఎన్‌టీ డాక్టరు చెవిలో ఏమీ లేదన్నారు.

కీలుకు స్పర్శనిచ్చే ముఖ్యమైన నరపు కొమ్మ ఆరిక్యులోటెంపొరల్. చెవి ముందు భాగానికి, చెవి గొట్టంలో కొంత మేరకు, కణతకు స్పర్శనిచ్చేదీ అదే. పైగా కర్ణభేరిని బిగించే టెన్సర్ టింపాని అనే బుల్లి కండరాన్ని నడిపేది కూడా నమిలే కండరాలను నడిపే నరమే. అందుకే చెవి ఆరోగ్యంగా ఉన్నా చెవిలో ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. పళ్లు బిగించినప్పుడు ఆ హోరు స్థాయి మారితే దవడ కండరాల పాత్ర ఉందనడానికి అదొక ఆధారం. వినికిడి పరీక్ష ఒకసారి చేయించుకుని, అది బాగుంటే దవడ వైపు చూడాలి.

ఒక వైపు ముఖం బరువుగా ఉంది. పక్షవాతం వస్తోందేమో?

ముఖ కవళికలను నడిపేది ఏడో కపాల నాడి. నమలడాన్ని నడిపేది ఐదోది. అద్దం ముందు నవ్వండి, కళ్లు గట్టిగా మూయండి, నుదురు ముడవండి. అన్నీ రెండు వైపులా సమానంగా ఉండి, నమిలినప్పుడే బరువుగా ఉంటే అలసిన కండరం కావచ్చు. మూతి వంకర పోయినా, కన్ను మూతపడకపోయినా, మాట తడబడినా, చేయి లేవకపోయినా క్షణం కూడా ఆగకుండా 108కు ఫోను చేయండి.

## కారణం కోసం వెతుకులాట

నిద్రలో పళ్లు కొరుకుతానని మా ఆవిడ చెబుతోంది. నొప్పికి అదే కారణమా?

కావచ్చు, కాకపోవచ్చు. రాత్రంతా పళ్లు నూరుతూ ఏ నొప్పీ లేనివారు చాలామంది ఉన్నారు. దీన్ని ఇప్పుడు జబ్బుగా కాక నిద్రలో కండరాల ప్రవర్తనగా చూస్తున్నారు. పొగాకు, మద్యం, ఎక్కువ కాఫీ దీన్ని పెంచుతాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతోనూ మొదలవుతుంది. గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవారు నిద్ర పరీక్ష చేయించుకోవడం మంచిది.

నా దృష్టిలో అసలు దొంగ పగటి బిగింపు. మామూలుగా పెదవులు కలిసి ఉన్నా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు తగలకూడదు. ఫోను చూస్తూ, లెక్కలు వేస్తూ, బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ పళ్లు ఆనించి ఉంచేవారికి ఆ సంగతే తెలియదు. గట్టిగా కొరకకపోయినా, గంటల తరబడి తేలికగా ఆనించి ఉంచితే కండరం నొప్పెట్టడానికి అది చాలు. ఇది చదువుతున్న ఈ క్షణంలో మీ పళ్లు తగులుతున్నాయా?

‘టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేశారు. నొప్పి నా ఊహ అంటున్నారా?

అలా అన్నట్టు మీకు అనిపిస్తే చెప్పిన తీరు సరిగా లేదు. నొప్పి నిజం. ఆందోళన, నిద్రలేమి ఉన్నప్పుడు కండరాలు తెలియకుండా బిగుసుకుంటాయి. నొప్పిని అణచే మెదడు ఏర్పాట్లు కూడా మందగిస్తాయి. అమెరికాలో 2006లో మొదలైన ఒపెరా అనే పెద్ద అధ్యయనం దవడ నొప్పి లేనివారిని ఏళ్ల తరబడి గమనించింది. నిద్ర సరిగా లేనివారిలో, శరీరంలో వేరేచోట్ల కూడా నొప్పులున్నవారిలో, మానసిక ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారిలో కొత్తగా దవడ నొప్పి ఎక్కువగా మొదలైంది. అంటే ఇవి నొప్పికి సాకులు కావు, దాని కారణాల్లో భాగం.

మా అబ్బాయి హాస్టల్లో ఉండి ఎంట్రన్సుకు చదువుతున్నాడు. పరీక్షల ముందు దవడ పట్టేసిందంటున్నాడు.

విజయవాడ, గుంటూరు కాలేజీల హాస్టళ్ల నుంచి ఫిబ్రవరి మొదలు మే వరకు ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు. గంటల తరబడి తల వంచి కూర్చోవడం, అర్ధరాత్రి వరకు మేలుకోవడం, పెన్ను కొరకడం, గడ్డం కింద చేయి పెట్టుకోవడం, నిద్ర రాకుండా బబుల్ గమ్ నమలడం, అన్నీ కలిసి వస్తాయి. బాబును తిట్టకండి. గమ్ మాన్పించండి, ఆరేడు గంటల నిద్ర పోనివ్వండి, గంటకోసారి లేచి మెడ తిప్పమనండి. చాలామందికి రెండు మూడు వారాల్లో తేలికపడుతుంది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోతే పరీక్షల తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

మెడ నొప్పికీ దవడకూ సంబంధం ఉందా?

ఉంది. ట్రైజెమినల్ నరపు కేంద్రం మెదడు కాండం నుంచి కిందికి దిగి మెడలోని పై రెండు మూడు నరాల కేంద్రాలతో కలిసిపోతుంది. మెడ పైభాగం నొప్పి దవడలో, దవడ నొప్పి మెడలో తెలియడానికి కారణం అదే. దవడకు మాత్రమే చికిత్స చేసి మెడను వదిలేస్తే చాలామందికి సగమే తగ్గుతుంది.

పళ్ల వరుస సరిగా లేనందుకే కీలు నొప్పి వస్తుందట. క్లిప్పులు పెట్టించుకోవాలా?

ఈ నమ్మకానికి చరిత్ర ఉంది. జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి, గొంతు వైద్యుడు 1934లో, వెనుక పళ్లు లేకపోవడం వల్ల దవడ వెనక్కి జరిగి చెవి మీద ఒత్తిడి పెడుతుందని రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పళ్లు అరగదీసి సరిచేయడమే వైద్యంగా సాగింది. ఆ శరీర నిర్మాణ వాదన నిలబడలేదు. 1969లో లాస్కిన్ అనే వైద్యుడు, సమస్య ప్రధానంగా కండరాల అలసటదేనని వాదించిన దగ్గర్నుంచి చూపు మళ్లడం మొదలైంది. అందంగా కనిపించడానికో, పళ్ల ఆరోగ్యానికో క్లిప్పులు పెట్టించుకోండి, తప్పు లేదు. కీలు నొప్పి తగ్గుతుందన్న ఆశతో మాత్రం వద్దు.

జ్ఞానదంతం తీయించాక నోరు తెరుచుకోవడం లేదు. నరం తెగిందా?

మత్తు సూది మీడియల్ టెరిగాయిడ్ కండరం గుండా పోయినప్పుడు, లేదా చాలాసేపు నోరు బార్లా తెరిచి ఉంచినప్పుడు ఆ కండరం బిగుస్తుంది. వేడి కాపడం, మెల్లగా సాగదీయడంతో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నరం దెబ్బతింటే కనిపించేది వేరు. కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటాయి. మొద్దుబారడం మర్నాటికీ పోకపోయినా, వాపు, జ్వరం, మింగలేకపోవడం ఉన్నా పన్ను తీసిన డాక్టరుకు వెంటనే చెప్పండి.

## ఆలస్యం చేయకూడని సందర్భాలు

దవడ నొప్పి గుండెపోటు కావచ్చా?

కావచ్చు. నడిచినా, మెట్లెక్కినా వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి, చెమటలు, ఆయాసం, ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం ఉంటే గుండె నొప్పిగానే భావించి 108 పిలవండి. దవడ కండరాల నొప్పి నమిలితే పెరుగుతుంది, మెట్లెక్కితే కాదు. మధుమేహం ఉన్నవారిలో ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు కాబట్టి వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ లాగేస్తోందంటున్నారు. కొత్తగా తలనొప్పి కూడా.

యాభై దాటినవారిలో ఈ రెండూ కొత్తగా కలిసి వస్తే కణత రక్తనాళం వాపు అనే జబ్బు ఉందేమో చూడాలి. నమిలే కండరానికి రక్తం చాలక నొప్పి వస్తుంది. చికిత్స ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఈ రోజే ఫిజీషియన్‌కు చూపించి, ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు అడగండి. చూపు మసకబారితే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

గుట్కా, వక్కపొడి అలవాటుంది. నోరు సరిగా తెరుచుకోవడం లేదు, కారం తింటే భగ్గుమంటోంది.

ఇది కీలు సమస్య కాకపోవచ్చు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి పట్టీలుగా బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు ఇవే మొదటి లక్షణాలు. గుంటూరు కారానికి పుట్టినప్పటి నుంచి అలవాటైన నోరు ఉన్నట్టుండి పప్పులో పోపు మిరపకాయకు కూడా మండుతోందంటే తేలికగా తీసుకోకండి. ఇది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. వక్క ఏ రూపంలో ఉన్నా ఇవాళే మానేసి దంత కళాశాలలో చూపించుకోండి. దవడ వ్యాయామాలతో నెట్టుకురావాలని చూస్తే విలువైన కాలం పోతుంది.

కరెంటు షాక్ కొట్టినట్టు చెంపలో నొప్పి వచ్చి క్షణాల్లో పోతోంది. ఇదీ కీలుదేనా?

కాదు. ఇది ట్రైజెమినల్ న్యూరాల్జియాలా ఉంది. మొహం కడుక్కున్నా, పళ్లు తోముకున్నా, బండి మీద గాలి తగిలినా మెరుపులా వచ్చి సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు పోతుంది. కండరాల నొప్పి అలా ఉండదు. మందకొడిగా, లాగుతున్నట్టు గంటల తరబడి సాగుతుంది. న్యూరాల్జియాలో చాలామందికి మెదడు దగ్గర నరాన్ని ఒక రక్తనాళం నొక్కుతూ ఉంటుంది. న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించి, సాధారణంగా కార్బమజెపిన్‌తో మొదలుపెడతారు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. కార్బమజెపిన్ వాడేటప్పుడు ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆవలిస్తే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

దవడ తల గూడు దాటి ముందుకు వెళ్లింది. కండరాలు బిగిసేకొద్దీ సరిచేయడం కష్టం కాబట్టి దగ్గరలోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెంటనే వెళ్లండి. ఇంట్లో ఎవరూ బలంగా మూయడానికి ప్రయత్నించవద్దు.

గాయం తగిలిన కొన్ని రోజులకు దవడ బిగుసుకుంటోంది.

ధనుర్వాతం తొలి లక్షణం ఇదే కావచ్చు. మేకు, ముల్లు, తుప్పు గాయమైనా, పొలంలో తగిలిన చిన్న దెబ్బైనా సరే, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

## ఎవరికి చూపించాలి, ఏ పరీక్షలు

ఈఎన్‌టీకా, న్యూరోకా, పళ్ల డాక్టరుకా?

ముందుగా ఓరల్ మెడిసిన్, అంటే నోటి వ్యాధుల విభాగానికి. విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలో, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడు, గన్నవరం దగ్గర చినఅవుటపల్లి దంత కళాశాలల్లో ఈ విభాగం ఉంటుంది. నోరు లాక్ అయితే, దెబ్బ తగిలితే దవడ ముఖ శస్త్రచికిత్స నిపుణులు చూడాలి. నొప్పి కరెంటు షాకులా ఉంటే, మొద్దుబారితే న్యూరాలజిస్టు. నలుగురి దగ్గరికీ ఒకేసారి తిరిగితే నాలుగు చీటీల మందులు పోగవుతాయి తప్ప ఎవరూ మొత్తం కథ వినరు.

డాక్టరు వేళ్లతో నొక్కి చూసి పంపారు. స్కాన్ రాయలేదు. సరిగా చూసినట్టేనా?

సరిగానే చూశారు. 2014 నుంచి అంతర్జాతీయంగా పాటిస్తున్న నిర్ధారణ పద్ధతి ప్రకారం కండరాల నొప్పిని తేల్చేది వేళ్లే. మాసెటర్, టెంపొరాలిస్ మీద దాదాపు కిలో బరువు ఒత్తిడితో నొక్కి, ‘మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?’ అని అడుగుతారు. అవునంటే సగం పని అయినట్టే. కొన్ని సెకన్ల పాటు నొక్కి ఉంచితే నొప్పి పంటికో చెవికో పాకడం కూడా బయటపడుతుంది. ఈ ప్రశ్న అడగకుండా రాసే స్కాన్ కంటే ఇది నయం.

ఎమ్మారైలో బిళ్ల జరిగిందని వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

కంగారు పడకండి. ఏ నొప్పీ లేని మనుషులకు ఎమ్మారై తీసినా దాదాపు మూడింట ఒక వంతు మందిలో బిళ్ల జరిగే కనిపిస్తుంది. చికిత్స చేయవలసింది నొప్పికి, నోరు తెరుచుకోకపోవడానికి. చిత్రానికి కాదు. నోరు లాక్ అయినప్పుడు, నెలల తరబడి తగ్గనప్పుడు, ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడే ఎమ్మారై ఖర్చుకు అర్థముంది.

## చికిత్స

ఇంట్లో ముందుగా ఏం చేయాలి?

పళ్లు విడదీయడం. పెదవులు కలిపి, పళ్లు విడిగా ఉంచి, నాలుక కొసను పై ముందు పళ్లకు కాస్త వెనుక అంగిలికి తేలికగా ఆనించండి. ఫోను మోగినప్పుడల్లా, తలుపు తీసినప్పుడల్లా ఒకసారి చూసుకోండి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది, అందుకే ఎవరూ చేయరు. నేను మాత్రం మందుల చీటీ కన్నా ముందు ఇదే చెబుతాను.

రోజుకు రెండు మూడుసార్లు పదిహేను, ఇరవై నిమిషాలు గోరువెచ్చని తడి గుడ్డతో చెంపకు, కణతకు కాపడం పెట్టండి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ తెరుచుకోకుండా ఆపండి. హెల్మెట్ పట్టీ గడ్డాన్ని నొక్కుతుంటే సరిచేసుకోండి, హెల్మెట్ మాత్రం మానకండి. ఆయిల్ పుల్లింగ్ చేసేవారు నొప్పి తగ్గేదాకా ఆపండి. ఇరవై నిమిషాలు పుక్కిలించడం అలసిన కండరానికి శిక్షే.

ఏం తినాలి, ఏం మానాలి?

రెండు మూడు వారాలు మెత్తటివే తినండి. ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన కూరలు, గోంగూర పచ్చడి, గుడ్డు. మానవలసినవి జంతికలు, చెక్కలు, చెగోడీలు, తేగలు, చెరకు, మొక్కజొన్న పొత్తు, ముదురు మాంసం. ఆవకాయ కలుపుకోవచ్చు, టెంక చీకడం మాత్రం వద్దు. దీని మీద మా ఓపీలో జరిగినంత వాదన మరే సలహా మీదా జరగదు. జావలతోనే నెలల తరబడి గడపడం కూడా తప్పే. కండరానికి పని కావాలి, అందుకే నొప్పి తగ్గేకొద్దీ మామూలు భోజనానికి రండి.

వ్యాయామాలు ఎలా చేయాలి? నొప్పిగా ఉన్నప్పుడు కదిలిస్తే పాడవదా?

నొప్పి వల్ల కండరం బిగుస్తుంది, బిగింపు వల్ల మళ్లీ నొప్పి వస్తుంది అని చాలాకాలం నమ్మారు. 1991లో లండ్, ఆయన సహచరులు వేరే వివరణ ఇచ్చారు. నొప్పి ఉన్నప్పుడు నాడీ వ్యవస్థే కండరం బలాన్ని, వేగాన్ని తగ్గించి కాపాడుకుంటుందని. కాబట్టి దాన్ని బలవంతంగా లాగకూడదు, అలాగని కట్టేసి ఉంచకూడదు.

నాలుక కొసను అంగిలికి ఆనించి, అది జారనంత మేరకే నోరు మెల్లగా తెరిచి మూయండి. ఆరేడుసార్లు, రోజుకు నాలుగైదు పూటలు. అద్దంలో చూస్తూ గడ్డం పక్కకు పోకుండా నిటారుగా దిగేలా చూసుకోండి. చెంప కండరాన్ని రెండు వేళ్లతో గుండ్రంగా రుద్దండి. చేశాక కాసేపు తేలికపాటి నొప్పి ఉండవచ్చు. మర్నాటికీ ఉంటే మోతాదు తగ్గించండి. ఫిజియోథెరపిస్టు ఒకటి రెండుసార్లు దగ్గరుండి నేర్పితే వీడియో చూసి చేసేదానికంటే చాలా మేలు.

నొప్పి మాత్రలు ఎన్నాళ్లు వాడవచ్చు?

తక్కువ రోజులు. నొప్పి మాత్ర, కండరాలను సడలించే మందు కలిపిన బిళ్లలు మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు ఉన్నవారికి అవి ప్రమాదం. నెలలో సగం రోజులు నొప్పి మాత్ర వేసుకునేవారికి ఆ మాత్రల వల్లే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

నాకు డిప్రెషన్ మందు రాశారు. నేను బాగానే ఉన్నాను కదా?

అమిట్రిప్టిలిన్ అయి ఉంటుంది. డిప్రెషన్‌కు వాడేదానికన్నా చాలా తక్కువ మోతాదులో, రాత్రిపూట, నరాల నొప్పి సంకేతాలను తగ్గించడానికి ఇస్తారు. నిద్రమత్తు, నోరు ఎండిపోవడం, మలబద్ధకం రావచ్చు. గుండె లయ సమస్య, గ్లాకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి. ఒక్కసారిగా మానేయవద్దు.

నైట్ గార్డ్ పెట్టుకుంటే తగ్గిపోతుందా?

రాత్రి పళ్లకు పెట్టుకునే ఈ తొడుగు పళ్లు అరగకుండా కాపాడుతుంది. నొప్పి మీద దాని ప్రభావం మనం అనుకున్నంత గట్టిగా రుజువు కాలేదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023లో ప్రచురించిన మార్గదర్శకాలు మూడు నెలలు దాటిన దవడ నొప్పికి ఫిజియోథెరపీ తరహా చికిత్సలను, పర్యవేక్షణలో చేసే వ్యాయామాలను, ఆలోచనల తీరుపై పనిచేసే సీబీటీని గట్టిగా సిఫారసు చేశాయి. తీసి పెట్టుకునే గార్డును సాధారణంగా వద్దన్నాయి. పళ్లు అరుగుతుంటే మీ కొలతతో చేసిన గట్టి గార్డు రాత్రి మాత్రమే పెట్టుకోండి. రోజంతా పెట్టుకుంటే పళ్ల కలయికే మారిపోవచ్చు.

బొటాక్స్ గురించి విన్నాను. మన దగ్గర చేస్తున్నారు కదా?

చేస్తున్నారు. ఈ ఇంజెక్షన్ చెంపలోని మాసెటర్ కండరాన్ని కొన్ని నెలలు బలహీనపరుస్తుంది, ఆ తర్వాత ప్రభావం పోతుంది, ఖర్చు మళ్లీ మొదలు. అలవాటు మారకపోతే నొప్పీ తిరిగి వస్తుంది. నొప్పికి మొదటి చికిత్సగా దీన్ని నేను ఎవరికీ చెప్పను.

## నెలలు గడిచినా తగ్గనివారికి

ఎనిమిది నెలలైంది. స్కాన్లన్నీ బాగున్నాయి. మరి నొప్పి ఎందుకు ఉంది?

నొప్పి సంకేతాలు నెలల తరబడి వెళుతూ ఉంటే వాటిని అందుకునే నాడీకణాలే సున్నితంగా మారిపోతాయి. మొదట నొప్పి పుట్టించిన కండరం కుదుటపడినా, తాకినా, నవ్వినా నొప్పిగా తోస్తుంది. నొప్పి చెంప నుంచి మెడకు, భుజానికి వ్యాపిస్తుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి అది కూడా పెరుగుతుంది. ఈ మార్పు ఎక్స్‌రేలో కనిపించదు, అందుకే ‘మీకేమీ లేదు’ అన్న మాట వినవలసి వస్తుంది.

ఈ దశలో దవడను ఇంకా ఇంకా తవ్వడం తప్పు. నిద్రను సరిచేయడం, రోజూ నడక, వ్యాయామాలు, తక్కువ మోతాదు నరాల మందు, సీబీటీ తెలిసిన సైకాలజిస్టు, వీటిని కలిపి నడపాలి. సైకాలజిస్టు అనగానే ముఖం చిట్లించే బంధువులుంటారు. వారికి జవాబు చెప్పే బాధ్యత మీది కాదు.

ఆపరేషన్ చేయించుకుంటే ఒక్కసారిగా పోతుంది కదా?

కండరాల నొప్పికి ఆపరేషన్ లేదు. కీలులోని బిళ్ల తీసివేయడాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023 మార్గదర్శకాలు గట్టిగా వద్దన్నాయి. కీలు ఎముక అతుక్కుపోయినా, కణితి ఉన్నా, పదేపదే జారిపోతున్నా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అది కూడా రెండో నిపుణుడి అభిప్రాయం తీసుకున్నాకే.

తగ్గాక మళ్లీ వస్తుందా?

చాలామందికి అప్పుడప్పుడు వస్తుంది. పెళ్లిపనుల్లో, పరీక్షల్లో, జలుబు చేసి నిద్ర లేనప్పుడు. వచ్చిన రోజే పళ్లు విడదీసి, కాపడం పెట్టి, వారం రోజులు మెత్తటివి తింటే సాధారణంగా ఆ వారంతోనే సర్దుకుంటుంది. ఈసారి నొప్పి తీరు వేరుగా ఉన్నా, నోరు తెరుచుకునే కొలత తగ్గినా మళ్లీ చూపించుకోండి. మీ సొంత చేతి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడుతున్నాయో లేదో నెలకోసారి చూసుకుంటే ఆ తేడా ముందే తెలుస్తుంది.